జూదమా, హునరా? పాత పిన్‌బాల్ మిషన్లు చెప్పే తారీఖ్

ఉర్దూలో 'తారీఖ్' అనే మాటకు రెండు మానీలు. ఒకటి తేదీ, ఇంకొకటి చరిత్ర. చికాగో శివార్లలో పాత పిన్‌బాల్ మిషన్లు కొని మరమ్మత్ చేసుకునే నాకు ఈ రెండూ ఒకే పెట్టెలో దొరుకుతుంటాయి. చెక్క లోపలి వైపు ఎవరో మెకానిక్ పెన్సిల్‌తో రాసుకున్న తేదీ ఉంటుంది. దాని పక్కనే, ఆ కాలంలో ఏ కానూన్‌కు జడిసి మిషన్‌ని అలా తయారు చేశారో చెప్పే పుర్జా ఒకటి ఉంటుంది.

పిన్‌బాల్ చూడని దోస్తుల కోసం ముందు కొంచెం చెప్తాను. నడుము ఎత్తున, నాలుగు కాళ్ల మీద, మన వైపు వాలుగా ఉండే పొడవాటి చెక్క బల్ల. దీన్ని ప్లేఫీల్డ్ అంటారు. పైన అద్దం మూత. కుడిచేతి వైపు స్ప్రింగ్ కడ్డీ ఉంటుంది. దాన్ని లాగి వదిలితే 80 గ్రాముల స్టీలు బంతి పైకి ఎగిరి, గుబ్బల మధ్య కొట్టుకుంటూ కిందికి దిగుతుంది. ఏ గుబ్బకు తగిలితే అన్ని పాయింట్లు. బంతి కింది సందులోంచి జారిపోకుండా రెండు చిన్న రెక్కలతో, అంటే ఫ్లిప్పర్లతో, మళ్లీ పైకి కొట్టాలి. వెనకాల నిలువుగా, బొమ్మలు వేసి లోపల దీపాలు పెట్టిన అద్దం ఉంటుంది, అది బ్యాక్‌గ్లాస్. హైదరాబాద్‌లో మా గల్లీలో ఇది నేనెప్పుడూ చూడలేదు. మాకు క్యారంబోర్డే లోకం.

ఇక్కడ పనిచేయని మిషన్‌ని 'ప్రాజెక్ట్' అనే పేరుతో అమ్ముతారు. ఆ మాటకు నా తర్జుమా: "నా వల్ల కాలేదు భాయ్, నువ్వు చూసుకో." బేస్‌మెంట్లో ఇరవై ఏళ్లు పడున్నవి, ఎవరో సగం విప్పి వదిలేసినవి, తాళంచెవి పోయినవి, ఎలుకలు కాపురం పెట్టినవి. కబాడీ సామాను అనే అనుకోండి.

మొదటి మిషన్‌ని వ్యాన్‌లోంచి దించుతుంటే మా అమ్మీ గుమ్మంలో నిలబడి, "ఏ జువే కీ మిషన్ ఘర్ మే కాయకు లారా రే?" అంది. ఈ జూదం మిషన్ ఇంట్లోకి ఎందుకు తెస్తున్నావురా అని. అమ్మీకి పిన్‌బాల్ సంగతి తెలియదు. నాణెం వేసే సందు చూసింది, అంతే. నాకు నవ్వొచ్చింది. తర్వాత చదువుతుంటే తెలిసింది, ఇదే సవాల్‌ని న్యూయార్క్ మేయర్ అడిగాడు, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అడిగింది, చికాగో పోలీసులూ అడిగారు. మైసిర్, అంటే జూదం, మన దీన్‌లో హరామ్. కాబట్టి నాకిది పుస్తకాల్లో చదివి వదిలేసే సవాల్ కాదు. ఇంట్లో జవాబు చెప్పాల్సింది.

ఫ్రాన్సులో దర్బారు మనుషులు ఆడిన బగాటెల్ అనే బల్ల ఆట నుంచి పిన్‌బాల్ వచ్చింది. బల్ల మీద మేకులు, గుంతలు, చేత్తో కర్రపుచ్చుకుని బంతిని కొట్టడం. 1871లో ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన ఆ కర్ర తీసేసి స్ప్రింగ్ కడ్డీ పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ్టి మిషన్‌లో కుడిపక్క ఉండే ప్లంజర్ అదే.

అసలు వ్యాపారం మాత్రం 1931లో మొదలైంది. అమెరికాలో ఆకలి రోజులు. చికాగోలో డేవిడ్ గాట్లీబ్ 'బాఫిల్ బాల్' అనే చిన్న మిషన్ చేశాడు. కౌంటర్ మీద పెట్టుకునేంత పెట్టె, ధర 17.50 డాలర్లు. ఒక పెన్నీ వేస్తే ఐదు నుంచి ఏడు బంతులు. ఉద్యోగం లేని మనిషికి అంతకంటే సస్తా తమాషా ఎక్కడ దొరుకుతుంది? 50,000 పైగా అమ్ముడయ్యాయి. గాట్లీబ్ దగ్గర సరుకు తీసుకుని అమ్మే రేమండ్ మొలోనీకి కావలసినన్ని మిషన్లు అందలేదు. దాంతో 1932లో తానే 'బాలీహూ' అనే మిషన్ తయారు చేసుకున్నాడు. ఆ పేరు మీదే బాలీ కంపెనీ వచ్చింది. తర్వాత డెబ్భై ఏళ్లు లోకంలోని పిన్‌బాల్ మిషన్లలో చాలా భాగం చికాగో, దాని చుట్టుపక్కల కార్ఖానాల్లోంచే పోయాయి. డెవాన్ అవెన్యూలో హలీమ్, ఇరానీ చాయ్ వెతుక్కుంటూ తిరిగే మన హైదరాబాదీలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

ఆ తొలి మిషన్లకు ఫ్లిప్పర్లు లేవు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, తర్వాతి ఝగ్డా అంతా దీని మీదే. బంతిని వదిలాక ఆటగాడి చేతిలో మిగిలేది మిషన్‌ని చేత్తో కాస్త తట్టడమే. ఏ గుంతలో పడుతుందనేది చాలావరకు నసీబ్. పాయింట్లు ఎక్కువొస్తే దుకాణం మాలిక్ సిగరెట్లో, మిఠాయో, నగదో ఇచ్చేవాడు. 1933లో బాలీ కంపెనీ 'రాకెట్' అనే మిషన్‌తో ఆ పనిని కూడా మాలిక్ చేతుల్లోంచి తీసేసింది. మిషనే నాణేలు కక్కేది. ఇంక దాన్ని జూదం కాదని ఎవరు అనగలరు?

న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లాగార్డియా అనలేదు. 1942 జనవరిలో నగరమంతా పాబందీ పెట్టాడు. పోలీసులు దుకాణాల మీద పడి వేల మిషన్లు పట్టుకున్నారు. మేయర్ స్వయంగా సమ్మెట పట్టుకుని మిషన్లు పగలగొడుతూ ఫొటోలు దిగాడు. యుద్ధ కాలం కనుక ఇనుము, రాగి తుక్కుకి పోయాయి. లాస్ ఏంజెలస్ అంతకు ముందే 1939లో ఆపేసింది. అన్నిటికంటే విచిత్రం చికాగోది. మిషన్లు తయారుచేసే ఊళ్లోనే వాటిని ఆడించడం 1970ల రెండో సగం దాకా నేరం. ఇత్తర్ చేసే ఊళ్లో ఇత్తర్ పూసుకోవద్దన్నట్టు.

పాబందీ వచ్చిన ఐదేళ్లకు, 1947లో, గాట్లీబ్ కంపెనీలో హ్యారీ మాబ్స్ 'హంప్టీ డంప్టీ' అనే మిషన్‌కి ఆరు ఫ్లిప్పర్లు పెట్టాడు. మరుసటి ఏడాది జెన్‌కో కంపెనీలో స్టీవ్ కోర్డెక్ 'ట్రిపుల్ యాక్షన్' మిషన్‌కి రెండే రెండు, కిందివైపు పెట్టి సరిపెట్టాడు. ఆటే మారిపోయింది. ఇప్పుడు బంతి ఎక్కడికి పోవాలో చెయ్యి చెప్తుంది. కానీ కానూన్ మారలేదు. ఫ్లిప్పర్ లేని మిషన్ మీద రాసిన ఫర్మానా, ఫ్లిప్పర్ ఉన్న మిషన్ మీద ఇంకో ముప్ఫై ఏళ్లు నడిచింది. నా దృష్టిలో లాగార్డియా 1942లో చేసింది పూర్తిగా తప్పేమీ కాదు. ఆ తర్వాత వచ్చినవాళ్లు మిషన్ ముందు నిలబడి మళ్లీ చూడకపోవడమే బేఇన్సాఫీ.

ఇప్పుడు నా బేస్‌మెంట్లోకి రండి. గోడవారగా ఉన్నది గాట్లీబ్ వారి 'కింగ్స్ అండ్ క్వీన్స్', 1965 నాటిది. రూపకల్పన వేన్ నేయెన్స్, బొమ్మలు రాయ్ పార్కర్. పేకముక్కల బాద్షాలు, బేగంలు. 1975లో వచ్చిన 'టామీ' సినిమాలో ఈ మోడల్ కనిపిస్తుంది కాబట్టి మంచి హాలత్‌లో ఉన్నది నాలాంటివాడికి అందదు. నాకు దొరికింది ప్రాజెక్ట్. అమ్మిన ముసలాయన, "దీపాలు వెలుగుతాయి, అంతకుమించి నన్నడక్కు" అన్నాడు. ఆ మాట మీద ఆయన నిజాయితీకి సలాం చెప్పి తెచ్చుకున్నాను.

ఇలాంటి వాటిని చూడడానికి పోయినప్పుడు నేను కరెంటు పెట్టను. ముందు బ్యాక్‌గ్లాస్ చూస్తాను. రంగు అద్దం వెనకవైపు అచ్చు వేసి ఉంటుంది. దీపాల వేడికి, బేస్‌మెంట్ చెమ్మకు అది పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. గుడ్డతో తుడిస్తే బొమ్మ గుడ్డకే వచ్చేస్తుంది. రిలేలు, కాయిల్స్ ఎప్పుడైనా బాగుచేయొచ్చు గానీ రాలిన బేగం ముఖం తిరిగి రాదు. తర్వాత ప్లేఫీల్డ్ మీద రంగు ఎంత అరిగిందో చూస్తాను. ఆపైన ఫ్యూజులు. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంటే, లోపల ఏదో కాలి ఉంటుందని అర్థం. కరెంటు తీగ రెండు పుల్లలదే అయితే ఎర్త్ లేదన్నమాట. ఇంటికి తేగానే మొదటి పని మూడు పుల్లల తీగ వేయడం. ఇందులో బద్ధకిస్తే మిషన్ కాదు, మనిషే పోతాడు.

ప్లేఫీల్డ్ ఎత్తి నిలబెడితే కింద కనిపించేది చూసి మొదటిసారి ఎవరికైనా గుండె జారుతుంది. కిలోమీటర్ల కొద్దీ వైరు అన్నట్టు ఉంటుంది. రంగురంగుల గుడ్డ తొడుగు, దారాలతో కట్టిన కట్టలు. కార్ఖానాలో ఆ తీగల పని ఎక్కువగా ఆడవాళ్లు చేసేవారు. ఒక్కో అతుకు చూస్తుంటే మా నానీ జర్దోజీ గుర్తొస్తుంది. ఇందులో కంప్యూటర్ లేదు. రిలేలు, మోటారు, అడుగులేసే చక్రాలు, అంతే. కిందపడిన నాణెం ఒక స్విచ్‌ని నొక్కుతుంది, అది ఒక రిలేని లేపుతుంది, ఆ రిలే ఇంకో నాలుగింటికి కబురు పంపుతుంది. ఇదంతా పెద్ద నక్షా కాగితం మీద గీసి ఉంటుంది. నక్షా చదవడం వచ్చిందా, సగం మరమ్మత్ అయినట్టే.

ఇక కానూన్ భయం ఎక్కడెక్కడ దాగుందో చూపిస్తాను.

పెట్టె లోపల ఎడమవైపు ఒక ఇనుప కడ్డీ వేలాడుతుంటుంది, దానికి ఒక లోలకం గుండు, చుట్టూ రాగి ఉంగరం. మిషన్‌ని గట్టిగా ఊపితే గుండు ఉంగరానికి తగిలి ఆట ఆగిపోతుంది. ఇదే 'టిల్ట్'. 1930ల మొదట్లో హ్యారీ విలియమ్స్ దీనికి శ్రీకారం చుట్టాడు. మిషన్‌ని ఎత్తి కుదేసి బంతిని కావలసిన గుంతలో పడేసేవాళ్ల మీద కోపంతో. కానీ చూడండి, టిల్ట్ ఊపడాన్ని పూర్తిగా ఆపదు. ఒక హద్దు దాకా ఊపొచ్చు. ఆ హద్దు ఎక్కడుందో చేతికి తెలియడమే ఆటలో హునర్. గుండుని పైకీ కిందికీ జరిపి ఆ హద్దు మార్చుకోవచ్చు. నేను సగం దగ్గర పెట్టాను, మా అబ్బాయిలు మరీ కఠినం అంటారు.

పెట్టె పక్కన ఇంకో కాయిల్ ఉంది. పేరు నాకర్. మంచి స్కోరు వస్తే ఒక ఇనుప ముక్క చెక్కని 'ఠాప్' అని కొడుతుంది, గది అంతా వినపడుతుంది. అంటే ఉచిత ఆట వచ్చింది. బ్యాక్‌గ్లాస్‌లో చిన్న కిటికీలో ఉచిత ఆటల అంకె ఒకటి పెరుగుతుంది. ఈ అంకె మీదే కోర్టుల్లో ఏళ్లకేళ్లు బహస్ నడిచింది. ఉచిత ఆట కూడా విలువున్న వస్తువే, కాబట్టి బహుమతే, కాబట్టి జూదమే అన్నాయి కొన్ని రాష్ట్రాలు. వాళ్ల అనుమానం గాలిలోంచి రాలేదు. బాలీ చేసిన బింగో రకం మిషన్లలో ఉచిత ఆటలు వందల్లో జమ అయ్యేవి. బార్ మాలిక్ వాటికి నగదు ఇచ్చి, కనపడకుండా ఉన్న బటన్ నొక్కి అంకెని సున్నా చేసేవాడు. ఎన్ని ఆటలు అలా రద్దయ్యాయో లెక్కపెట్టే మీటరు కూడా లోపలే ఉండేది, మిషన్ యజమానికీ బార్ మాలిక్‌కీ హిసాబ్ కుదరాలి కదా. బింగో మిషన్ విప్పితే అందులో ఫ్లిప్పర్ దొరకదు, మీటరు దొరుకుతుంది. అమ్మీ సవాల్‌కు ఆ మిషన్ విషయంలో జవాబు: జీ అమ్మీ, జువే కీచ్ మిషన్.

గాట్లీబ్ దారి వేరు. 1960లో 'ఫ్లిప్పర్' అనే మిషన్‌లో ఉచిత ఆట తీసేసి, బాగా ఆడితే అదే ఆటలో ఇంకో బంతి ఇచ్చే పద్ధతి పెట్టారు. దీనికి 'యాడ్ ఎ బాల్' అని పేరు. ఇంకో బంతిని జేబులో వేసుకుని పోలేం, ఎవరికీ అమ్మలేం. ఆడాల్సిందే. ఉచిత ఆటను ఒప్పుకోని రాష్ట్రాలకు, ఇటలీకి ఇవి పోయేవి. దాంతో ఒకే ఆటకు రెండు రూపాలు వచ్చాయి. 1965లో ఉచిత ఆటతో 'బక్కరూ', అదే బల్ల యాడ్ ఎ బాల్‌తో 'కౌ పోక్'. ప్రాజెక్ట్ కొనేటప్పుడు ఈ తేడా తెలియకపోతే తప్పు పుర్జాలు తెప్పించుకుంటాం. నాకైతే ఆ తేడాలో కనపడేది, ఒక కంపెనీ వకీళ్ల మాట విని తన రిలేలను తిరిగి అమర్చుకున్న తీరు.

ఒక్కటి మాత్రం నసీబ్‌కే మిగిలింది. ఆట అయిపోయాక మిషన్ ఒక అంకె చూపిస్తుంది. మీ స్కోరు చివరి అంకె దానితో కలిస్తే ఉచిత ఆట. 'మ్యాచ్' అంటారు. హునర్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. చాలా మిషన్లలో దీన్ని ఆపేసే ఏర్పాటు కూడా కార్ఖానావాళ్లే ఇచ్చారు. నా ఇంట్లో అది ఆపే ఉంది. అమ్మీకి ఆ తీగ తీసి చూపించాను. చూసి, ఒక ఆట ఆడి, మూడు బంతులూ అర నిమిషంలో పోగొట్టుకుని, "ఇది జూదం కాదు, టైమ్ వేస్ట్" అని ఫైసలా చెప్పింది. నేను అప్పీలుకు పోలేదు.

కోర్టుల ఫైసలా అంత తొందరగా రాలేదు. 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు లాస్ ఏంజెలస్ పాబందీ కొట్టేసింది. ఈ ఆటలో నసీబ్ కంటే హునర్‌దే పైచెయ్యి అంది. 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్ నగర మండలి కమిటీ ముందుకు రోజర్ షార్ప్ అనే యువ పత్రికా రచయిత గవాహీ ఇవ్వడానికి వచ్చాడు. రెండు మిషన్లు తెచ్చారు, ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని. ఒక సభ్యుడికి షక్ వచ్చింది, మీరు ఎంచుకున్నది కాదు, ఆ పక్కది ఆడండి అన్నాడు. షార్ప్ కాసేపు ఆడి చూపించాడు. అయినా వాళ్ల ముఖాల్లో నమ్మకం లేదు. అప్పుడతను ప్లంజర్ పట్టుకుని, ఇలా లాగితే బంతి పైన నడిమి దారిలోంచే దిగుతుంది అని ముందే చెప్పి వదిలాడు. నడిమి దారిలోంచే దిగింది. ముప్ఫై నాలుగేళ్ల పాబందీ పోయింది. తర్వాత షార్ప్ తానే ఒప్పుకున్నాడు, ఆ షాట్ నసీబ్‌తోనే పడిందని. హునర్ కేసుని నసీబ్ గెలిపించింది! అల్లా మియాకు కూడా పిన్‌బాల్ మీద రహమ్ ఉందేమో అని నేను దోస్తులతో నవ్వుతుంటాను.

మరమ్మత్ సంగతికి వస్తే, ఈ పాత మిషన్లకు కావలసింది తెలివి కంటే సబర్. తొంభై శాతం రోగం స్విచ్‌ల మొనల్లో ఉంటుంది. మసి పట్టి, కరెంటు దాటదు. పల్చటి ఆకురాయితో రెండుసార్లు నిమిరితే చాలు. గరుకు కాగితం పెట్టి రుద్దితే మొన పోతుంది. అడుగులేసే చక్రాల మీద అరవై ఏళ్ల కిందటి గ్రీజు బంకలా గట్టిపడి ఉంటుంది. దాన్ని విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్తది వేలి చివర అంత పెట్టాలి. కాయిల్ లోపల కదిలే ఇనుప ముక్కకు మాత్రం నూనె ఒక్క చుక్క కూడా వద్దు. నూనె దుమ్ముని పిలుస్తుంది. ముందున్న యజమాని ఎవరో ప్రేమతో డబ్బా నూనె స్ప్రే కొట్టేసిన మిషన్ ఒకటి నాకు దొరికింది, దాన్ని కడగడానికే ఒక రంజాన్ నెల పట్టింది. కోఠీ గుజరాతీ గల్లీలో రేడియోలు విప్పే ఉస్తాద్‌ల ముందు కూర్చున్నవాళ్లకు ఇదంతా కొత్త కాదు.

రెండో గోడ దగ్గరున్నది బాలీ వారి 'ఎయిట్ బాల్', 1977. పాబందీ ఎత్తేసిన వెంటనే వచ్చిన మిషన్ ఇది. 20,230 తయారయ్యాయి. పదిహేనేళ్ల దాకా ఆ రికార్డుని ఏదీ దాటలేదు. 1992లో 'ఆడమ్స్ ఫ్యామిలీ' 20,270తో కొద్దిలో దాటింది. బ్యాక్‌గ్లాస్ మీద 'హ్యాపీ డేస్' టీవీ సీరియల్‌లోని ఫాంజీని పోలిన మనిషి ఉంటాడు (మన శేఖర్ కమ్ముల సినిమా కాదు). ఇందులో రిలేల జాగాలో కంప్యూటర్ బోర్డు వచ్చింది. ఎవరెవరు ఏ బంతులు కొట్టారో ఆటగాడి వారీగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ కాలానికి అది కమాల్.

ఈ గుర్తుపెట్టుకోవడమే దాని రోగం కూడా. కరెంటు తీసేసినా లెక్కలు చెరిగిపోకుండా బోర్డు మీద 3.6 వోల్టుల చిన్న బ్యాటరీ అతికించారు. యాభై ఏళ్లు ఎవరూ తీయకపోతే అది కారుతుంది. కారిన క్షారం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది, సాకెట్లు పచ్చగా మారతాయి. ప్రాజెక్ట్ అని అమ్మే ఈ కాలపు మిషన్లలో ఎక్కువ చచ్చింది దీనివల్లే. బ్యాటరీ కోసేసి, వెనిగర్ నీళ్లతో క్షారాన్ని చంపి, కడిగి, తెగిన గీతలకు తీగలు అతకాలి. స్విచ్ వేశాక బోర్డు మీది ఎర్ర దీపం ఒకసారి మినుకుమని, తర్వాత ఏడుసార్లు మెరవాలి. ఏడూ మెరిస్తే బోర్డు బతికినట్టు. నాది నాలుగు నెలలు ఐదు దగ్గరే ఆగింది. రాత్రి ఇషా నమాజ్ అయ్యాక దిగి లెక్కపెట్టుకోవడం, ఐదు, మళ్లీ పైకి. చివరికి ఒక సాకెట్ మార్చితే ఏడు వచ్చింది. ఇంట్లో అందరినీ లేపాను.

ఈ షౌక్‌లో ఉన్నవాళ్ల మధ్య ఎడతెగని ఝగ్డా ఒకటుంది. కొందరు ప్లేఫీల్డ్‌ని గీకి, రంగులు మళ్లీ వేసి, పైన అద్దంలాంటి పూత పోసి, కార్ఖానాలోంచి వచ్చిన రోజు కంటే ఎక్కువ మెరిసేలా చేస్తారు. కారీగరీ గొప్పదే, కాదనను. ఇంకొందరు మిషన్‌ని విడగొట్టి బ్యాక్‌గ్లాస్ ఒకరికి, బోర్డులు ఒకరికి, కాళ్లు ఒకరికి అమ్మేస్తారు. ముక్కలకు మొత్తం కంటే ఎక్కువ డబ్బొస్తుంది. నాకు ఈ రెండో రకం మీద గుస్సా. సమ్మెట లేకుండా లాగార్డియా పని చేస్తున్నారు.

నేను కదిలే పుర్జాలన్నీ పూర్తిగా బాగుచేస్తాను, రంగు జోలికి తక్కువ పోతాను. నా 'కింగ్స్ అండ్ క్వీన్స్'లో ఫ్లిప్పర్ల ముందు రంగు అరిగి, మేపుల్ చెక్క అరచేతి వెడల్పున తేలింది. వేల బంతులు ఫ్లిప్పర్ మీంచి అక్కడికే ఎగిరాయి. ఈ మిషన్ ముందు నిలబడినవాళ్లు గురి చూసి కొట్టారు అనడానికి నా దగ్గరున్న గవాహీ అదొక్కటే. పెచ్చు లేవకుండా పల్చటి పూత వేసి, అలాగే ఉంచాను. అమ్మాల్సి వస్తే ధర తగ్గుతుందని దోస్తులు అంటారు, తగ్గనీ.

ఈ శనివారం ఇండియానాలో ఒకటి చూడడానికి పోతున్నాను, విలియమ్స్ వారిది, చెక్క కాళ్లది. బ్యాక్‌గ్లాస్ సగం పోయిందట. ఫొటోలో మాత్రం ప్లేఫీల్డ్ బాగానే ఉంది. తాళంచెవి లేదంటున్నాడు, డ్రిల్లు తీసుకెళ్లాలి.